బుల్లెమ్మ దాచుకున్న వాటా

బార్జీలపేట ఉభయ వరసల మహాసభ వారి పాదపద్మములకు మిషను గది ఉద్యోగి తవిటయ్య సాష్టాంగపడి చేసుకొను క్షమాపణ.

అయ్యలారా, అమ్మలారా, నన్ను మన్నించండి. సముద్రం పెరిగినందుకు మన్నించండి. తాతల నాటి ఊరు మన కాళ్ళ కింద మునిగిపోయి, ఆ ఊరి వాటర్ ట్యాంకు స్తంభాలకే మనం కాపురముండే ఇనుప బార్జీలు కట్టుకోవాల్సి వచ్చినందుకు మన్నించండి. మొన్న వలలో చేపలు పడనందుకు, నిన్న మరీ ఎక్కువ పడి కంపు కొట్టినందుకు, గవరయ్య పెద్దయ్య మోకాలి నొప్పికి, ఎర్నమ్మత్త పెట్ట గుడ్లు పెట్టడం మానేసినందుకు, సూర్యుడు మబ్బు చాటుకు పోయినందుకు, అన్నిటికీ నేనే బాధ్యుణ్ణి. సభలో నా మీద ఎవరు ఏది అన్నా ఒప్పుకుంటాను. నాకు అలవాటైపోయింది.

కింద ఉన్నది మిషను గది దినచర్య. ఏ రోజుది ఆ రోజే, జరిగింది జరిగినట్టు రాశాను. ఒక్క చోట తప్ప.

సోమవారం

పొద్దున్నే సోలార్ పలకల మీద పేరుకున్న ఉప్పు తడిగుడ్డతో తుడిచాను. ఇది నేను నాలుగేళ్ళు కాలేజీ ఓడలో కంప్యూటర్లు చదివి సంపాదించిన ఉద్యోగం. తుడవడం అయ్యాక బుల్లెమ్మని లేపాను.

బుల్లెమ్మ మా లాప్‌టాప్. మీటలు కొన్ని ఊడిపోయాయి, మూత విరిగితే వలదారంతో కట్టాం. అయినా పేటలో అందరూ తాగే నీళ్ళు ఆవిడ చేతిలోనే ఉన్నాయి. సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసే మిషనుకి ఎప్పుడు తోడాలో, ఎప్పుడు కడుక్కోవాలో, ఎప్పుడు నోరు మూసుకోవాలో చెప్పేది ఆవిడే. మిషనూ ఆవిడా ఒకే ఫ్యాక్టరీలో కవలల్లా పుట్టారు. ఆ విద్య ఆవిడకి పుట్టుకతో వచ్చింది.

ఇవాళ పని మధ్యలో తెర మీద ఒక చిన్న పెట్టె వచ్చింది. డిస్కులో జాగా లేదట. ఆ మాట చెప్పి బుల్లెమ్మ బిగుసుకుపోయింది. మిషను ఆగింది. పక్క గదిలో మా బావ మంచం మీద ఉన్నాడు, రెండు గొట్టాలు చేతికి పెట్టుకుని.

మా బావ దాలినాయుడికి కిడ్నీలు పనిచేయవు. రోజు విడిచి రోజు డయాలసిస్. దానికి మామూలు మంచినీళ్ళు చాలవు, మిషను రెండుసార్లు వడపోసిన నీళ్ళు కావాలి, అవీ ఆగకుండా రావాలి. దాచిపెట్టుకుందామంటే రెండు రోజులకే పాడవుతాయి.

"ఏటి బావమరిదీ, సప్పుడాగిపోనాది?" అన్నాడు గోడ అవతల నుంచి.

"ఏం లేదు బావా. బుల్లెమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంటోంది."

"పీల్చుకోనీ. ఈలోగా నాది ఆగిపోద్దేమో సూసుకో."

చేతికి దొరికినవి చెరిపేశాను. నా కాలేజీ ప్రాజెక్టు, నా పాటలు, నేను రాస్తున్న నవల. నవల్లో నాయకుడు అచ్చం నాలాగే ఉంటాడు, పొడుగు మాత్రం ఎక్కువ. తెలుగు సాహిత్యానికి జరిగిన నష్టం గురించి మాట్లాడే స్థితిలో నేను లేను. జాగా కొంచెం దొరికింది. బుల్లెమ్మ కదిలింది. నీళ్ళొచ్చాయి. చెమట తుడుచుకున్నాను.

ఈ జాగా రెండు మూడు రోజులకి మించి రాదు. ఎందుకంటే డిస్కు నింపేది నేను కాదు, ఫిర్యాదులు.

పేట కట్టిన కొత్తలో బార్జీల ఉత్తర వరస, దక్షిణ వరస పంపకాలు చేసుకున్నాయి. పలకలు, వలలు, కోళ్ళు, ఆఖరికి తాళ్ళు కూడా కొలిచి కోసుకున్నారు. మిషనుని కోయడం కుదరలేదు. ఆ బాధ ఇప్పటికీ తీరలేదు. అందుకని ఒక కట్టుబాటు పెట్టుకున్నారు: ఎవరికి ఏ అన్యాయం జరిగినా బుల్లెమ్మ ముందు కూర్చుని నోటితో చెప్పాలి, ఆవిడ దాచుకోవాలి, ఆ గొంతు ఎవరూ ఎప్పటికీ చెరపకూడదు. పదకొండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఉత్తర వరస పొగ మా వైపు వస్తోందని దక్షిణ వరస ఫిర్యాదు. మా పొగని దక్షిణ వరస పీల్చేస్తోందని ఉత్తర వరస ఫిర్యాదు. అన్నీ విన్నాను. అందరి గొంతులూ అనుకరించగలను. అదే నా అసలు విద్య.

మంగళవారం

జాగా కోసం డిస్కు పటం తెరిచాను. డిస్కు ఒకటే అయినా లోపల అడ్డగోడలు కట్టి గదులు చేస్తారు. ఆ గదిని పార్టిషన్ అంటారు. బుల్లెమ్మకి ఒకే గది ఉందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. వెనక ఇంకోటి ఉంది. పేరు లేదు, మామూలు గదులకుండే అక్షరం లేదు, అందుకే ఎప్పుడూ కంటపడలేదు. రికవరీ పార్టిషన్. బుల్లెమ్మ ఫ్యాక్టరీలో పుట్టిన రోజున ఎలా ఉందో ఆ రూపం, ఆ విద్య మొత్తం తయారుచేసినవాళ్ళు అందులో దాచిపెట్టారు. ఆవిడ ఎప్పుడైనా పడిపోయి లేవకపోతే అందులోంచి మళ్ళీ పుట్టించుకోవచ్చు.

చాలా పెద్ద గది. దాన్ని తీసేస్తే కావలసినంత జాగా. తీసేస్తే, మళ్ళీ పుట్టించుకోవడం మాత్రం ఉండదు.

ఈ సంగతి సభకి చెప్పడం నా ధర్మం అనుకున్నాను. చదువుకున్నవాడు ఇంగ్లీషు ముక్కలతో జనాన్ని బెదరగొట్టకూడదని కూడా అనుకున్నాను. పార్టిషన్‌కి మంచి తెలుగు మాట వెతికాను. అర అనొచ్చు. గది అనొచ్చు. విభాగం అనొచ్చు. నిండు సభలో లేచి నిలబడి, చేతులు కట్టుకుని, నేను అన్నది ఇదీ:

"పెద్దలారా, బుల్లెమ్మలో దాచిన వాటా ఒకటుంది."

కోళ్ళు కూడా అరవడం ఆపాయి.

"ఎవుల్దిరా ఆ వాటా?" అంది ఎర్నమ్మత్త. ఆవిడ దక్షిణ వరస పెద్ద.

"ఎవరిదీ కాదత్తా. బుల్లెమ్మదే."

"బుల్లెమ్మకి వాటా ఎవులు రాసినారు?" అన్నాడు గవరయ్య పెద్దయ్య. ఆయన ఉత్తర వరస పెద్ద. "పంపకాలనాడు నేనున్నాను. నాకు సెప్పనేదు."

"వాటా అంటే ఆ వాటా కాదు పెద్దయ్యా, అర."

"అర వాటానా!" అంది ఎర్నమ్మత్త. "సగం దాసేసినారా?"

బుధవారం

మిషను గదిలో ఇవాళ నేను ఒంటరిగా లేను. ఉత్తర వరస ఒక కాపలా మనిషిని పంపింది. దక్షిణ వరస ఆ కాపలా మనిషికి కాపలా పంపింది. ఇద్దరూ ఎదురెదురు పీటల మీద కూర్చుని ఒకర్నొకరు చూసుకుంటూ, విసుగొచ్చినప్పుడు నన్ను చూస్తున్నారు. నేను పుట్టింది ఉత్తర వరసలో. మా అప్పని, అంటే అక్కని, బావకి ఇచ్చింది దక్షిణ వరసలో. కాబట్టి నన్ను అనుమానించే హక్కు ఇద్దరికీ సమానంగా ఉంది.

జాగా తగ్గుతోంది. దాచిన వాటా మీద కొత్త ఫిర్యాదులు వరదలా వచ్చాయి. అవి దాచడానికీ జాగా కావాలి.

మధ్యాహ్నం నూకాలమ్మ మామ్మ వచ్చింది. ప్రతి బుధవారం వస్తుంది. ఆవిడ భర్త సన్యాసయ్య తాత పోయి చాలా కాలమైంది. ఆయన బతికుండగా ఒక ఫిర్యాదు చెప్పాడు: దక్షిణ వరస పుంజు తెల్లారకుండానే కూస్తోందని. మామ్మకి పుంజుతో పని లేదు. ఫిర్యాదు అయిపోయాక, బుల్లెమ్మ వింటోందని మరచిపోయి, ఆయన పక్కకి తిరిగి ఒక మాట అన్నాడు. "నూకీ, సెప్పులేసుకో. ఇనుము కాలతాది." ఆ ముక్క కోసం వస్తుంది. విని, తల పంకించి, కాళ్ళకేసి చూసుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోతుంది.

"జాగా నేదంట కదరా నాయనా," అంది వెళ్తూ.

"ఏదో చూస్తున్నాం మామ్మా."

గురువారం

సభ తీర్పు. దాచిన వాటాని శనివారం అందరి ఎదుటా తీసేయాలి. వచ్చిన జాగా ఉత్తర వరసకి సగం, దక్షిణ వరసకి సగం. ఎవరి సగంలో వాళ్ళు ఫిర్యాదులు దాచుకుంటారు.

నేను చాలా చెప్పాను. బుల్లెమ్మ పడిపోతే లేపడానికి అదొక్కటే దారి అన్నాను.

"పడిపోద్దని ఎందుకంతన్నావు? సపిస్తన్నావేటి?" అన్నాడు గవరయ్య పెద్దయ్య.

"అందులో ఉన్నది ఆవిడ పుట్టిన రోజు రూపం పెద్దయ్యా."

"నాకూ ఉన్నాది పుట్టిన్రోజు రూపం," అంది ఎర్నమ్మత్త. "ఎవులైనా దాసినారా? నేను బతకనేదా?"

సభ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికి వెళ్తే పైడమ్మ అప్ప చేపలు కోస్తోంది. తలెత్తకుండా అడిగింది.

"తమ్ముడూ, నిజం సెప్పు. అది తీసేత్తే మీ బావకేటవుద్ది?"

"ఏమీ కాదు. బుల్లెమ్మ పడనంత కాలం."

"పడితే?"

నేను ఏదో జోకు వెతుక్కుంటూ కింద పడ్డ పొలుసులు ఏరడం మొదలెట్టాను.

"మరైతే తీయకు," అంది.

"సభ ముందర తీయాలప్పా. అందరూ చూస్తారు."

"సభకి మొగుడు నేడు. నాకున్నాడు."

ఇంకో చేప అందుకుని తనే అంది. "నీకు ముందు ఇద్దరు పోనారు. నువ్వు పుట్టగానే అమ్మ నిన్ను పక్కింటోళ్ళకిచ్చేసి, సేటడు తవుడు పోసి మళ్ళీ కొనుక్కున్నాది. అందుకే తవిటయ్యవి. పనికిరాని పేరెడితే యముడు ఆగి సూడ్డని. నువ్వేమో కాలేజీకెల్లి ఆ పేరు మార్చుకుంతానని ఏడిసినావు."

నిజమే. ఏడ్చాను. తుషార్ అని మార్చుకుందామనుకున్నాను.

శుక్రవారం

బావ గొట్టాలు పెట్టుకున్న కొద్దిసేపటికే బుల్లెమ్మ మళ్ళీ బిగుసుకుపోయింది. జాగా సున్నా. ఈసారి చెరపడానికి నాది ఏదీ మిగల్లేదు. కాపలావాళ్ళిద్దరూ అన్నానికి వెళ్ళారు. డయాలసిస్ మిషను కీచుమని అరవడం మొదలెట్టింది. బావ ఏమీ అనలేదు. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి ఏమీ అనకపోతే ఎలా ఉంటుందో నాకు ఇవాళే తెలిసింది.

ఎలాగో జాగా దొరికింది. నీళ్ళు వచ్చాయి. వివరాలు అనవసరం.

శనివారం

ఉభయ వరసలూ మిషను గదిలో పట్టలేదు. కిటికీలకి వేలాడారు. నేను స్నానం చేసి, బొట్టు పెట్టుకుని, బుల్లెమ్మ ముందు కూర్చున్నాను. మీట నొక్కే ముందు మూడుసార్లు దండం పెట్టుకున్నాను. అది చూసి గుంటడికి భక్తి ఎక్కువ అన్నారు.

డిస్కు పటం తెరిచాను. "ఇదిగో, ఇదే దాచిన వాటా," అని చూపించాను. అందరూ హా అన్నారు. పార్టిషన్ మీద వేలు పెట్టాను. తీసేయడానికి ఒక మీట, పేరు మార్చడానికి ఒక మీట. నేను పేరు మార్చాను. పెట్టిన పేరు తవుడు.

"అదేటి రాసినావు?" అంది ఎర్నమ్మత్త.

"తీసేసే ముందు మంత్రమత్తా."

ఆ తర్వాత దాన్ని పటంలోంచి దాచేసే ఆజ్ఞ ఇచ్చాను. పేటలో ఎవరికీ తెలియని సంగతి ఇది: డిస్కులో ఉన్నది కనపడకపోయినా ఉన్నట్టే. పటంలో ఆ గడి మాయమైంది. తెర మీద పక్కన పాత లెక్క చూపిస్తున్న పెట్టెని తాజా చేశాను. బోలెడంత ఖాళీ కనిపించింది. ఈలలు వేశారు. గవరయ్య పెద్దయ్య అప్పటికప్పుడు ఆ ఖాళీకి మధ్యలో గీత ఎక్కడ పడుతుందో అడిగాడు. తెర మీద వేలితో గీసి చూపించాను. ఆయన వేలు పెట్టి కొలుచుకున్నాడు.

బయటికి వచ్చాక అప్ప నా మొహం చూసింది. నా పళ్ళెంలో చేప తల వేసింది. అది బావ వాటా.

మంగళవారం

ఆదివారం నుంచి గాలి. నిన్న బార్జీలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. సోలార్ పలకల తీగ ఎక్కడో తెగుతూ, మళ్ళీ అంటుకుంటూ, కరెంటు ఎగిరెగిరి పడింది. ఇవాళ పొద్దున్న మీట నొక్కితే బుల్లెమ్మ తెర నల్లగా వెలిగి, ఒక తెల్లటి వాక్యం చూపించి, ఆరిపోయింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ అదే వాక్యం. లేవడానికి కావలసినవి తనకి కనపడటం లేదట.

బావకి డయాలసిస్ ఆదివారమే జరగాలి. గాలి వల్ల ఆపాం. మొహం ఉబ్బింది. మాట్లాడితే ఆయాసం.

గవరయ్య పెద్దయ్య వచ్చాడు. ఎర్నమ్మత్త వచ్చింది. అప్ప గుమ్మంలో నిలబడింది. తాగునీళ్ళ డ్రమ్ములు చూసి వచ్చినవాళ్ళ మొహాలు పాలిపోయాయి.

"ఏదో ఒకటి సెయ్యరా," అంది ఎర్నమ్మత్త. మొదటిసారి ఆ గొంతులో వరస లేదు.

"చేస్తానత్తా. ముందు నన్ను తిట్టనని మాటివ్వాలి."

"ఏటి సేసినావు?"

"శనివారం నేను వాటా తీయలేదు. దాని పేరు తవుడని మార్చి, కనపడకుండా దాచాను."

గవరయ్య పెద్దయ్య నోరు తెరిచాడు. అప్ప ఆయన వైపు చూసింది. చేతిలో చేపల కత్తి ఉంది, మరచిపోయి తెచ్చినట్టుంది. ఆయన నోరు మూశాడు.

మీట నొక్కి పట్టుకుని బుల్లెమ్మని పుట్టుక గదిలోకి పంపాను. నీలం తెర వచ్చింది. ఈ పని చేస్తే ఇప్పటిదాకా డిస్కులో ఉన్నదంతా పోతుంది, సమ్మతమేనా అని అడిగింది. సమ్మతమే అన్నాను. శాతం మొదలైంది. ఒకటి. చాలాసేపు ఒకటి.

"ఎంతకొచ్చినాదిరా?" బావ గోడ అవతల నుంచి. గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టుంది.

"సగం అయింది బావా." నాలుగు శాతం.

"అబద్దాలాడకు. నీకు లెక్కలు రావు."

ముప్పై దగ్గర తెర మినుకుమంది. నా ప్రాణం మినుకుమంది. డెబ్బై దగ్గర ఆగింది. ఎర్నమ్మత్త, గవరయ్య పెద్దయ్య ఒకే పీట మీద కూర్చున్నారు, ఇద్దరికీ తెలియలేదు. డెబ్బై ఒకటి. నేను ఏడ్చానని అంటున్నారు. అది చెమట.

నూరు అయ్యాక బుల్లెమ్మ కొత్త గొంతుతో, ఫ్యాక్టరీలో నేర్పిన ముద్దు గొంతుతో, నమస్కారం అంది. తన పేరేమిటో చెప్పమని నన్ను అడిగింది. చెప్పాను. మిషను దగ్గింది. కదిలింది. గొట్టంలోంచి మొదట తుప్పు నీళ్ళు, తర్వాత బురద, తర్వాత నీళ్ళు.

బుధవారం

బావ లేచి కూర్చున్నాడు. గంజి తాగాడు. "తవుడు బతికించినాదట కదా," అన్నాడు. "రెండు తవుళ్ళూ." అప్ప వెనక్కి తిరిగి గిన్నెలు గట్టిగా కడిగింది.

సభ కూడింది. నా మీద విచారణ. వాటా దాచినందుకు తిట్టాలో, దాచినందుకు మెచ్చుకోవాలో తేలక ఎర్నమ్మత్త చాలాసేపు తంటాలు పడింది. చివరికి అబద్ధమాడినందుకు నెల రోజులు ఉభయ వరసల కోళ్ళ గూళ్ళు కడగమన్నారు. న్యాయమే. ఫిర్యాదుల సంగతి వచ్చింది. పదకొండేళ్ళ గొంతులు ఒక్కటీ మిగల్లేదు. రికవరీ చేస్తే డిస్కులో ఉన్నదంతా పోతుందని నీలం తెర అడగడం పెద్దలిద్దరూ కళ్ళారా చూశారు. ప్రాణం ముందు గొంతులెంత అన్నాడు గవరయ్య పెద్దయ్య. మిషను చేసిన పని, గుంటడి తప్పు కాదు అంది ఎర్నమ్మత్త. అందరూ ఒప్పుకున్నారు. ఇంత ఐకమత్యం నేను పుట్టి ఎరగను. నేనూ తల ఊపాను.

సభ అయ్యాక మిషను గదికి వచ్చాను. నూకాలమ్మ మామ్మ పీట మీద కూర్చుని ఉంది. బుధవారం కదా.

"నేదంట కదా," అంది.

"లేదు మామ్మా."

"పోనీలేరా నాయనా. మిషను సేసిందానికి నువ్వేటి సేత్తావు." నా తల నిమిరింది. చెప్పులు చేత్తో పట్టుకుని, కాలే ఇనుము మీద వట్టి కాళ్ళతో వెళ్ళిపోయింది.

కాబట్టి, మహాసభ వారికి, ఇందాక ఒక్క చోట తప్ప అన్నాను కదా. ఆ చోటు శుక్రవారం.

డయాలసిస్ మిషను అరుస్తోంది. బావ మాట్లాడటం లేదు. ఫిర్యాదుల డబ్బా తెరిచాను. ఒక్కొక్కటి విని ఎంచుకునే తీరిక లేదని నాకు నేను చెప్పుకున్నాను. పొగ, పుంజు, తాళ్ళు, పనికిరాని చెత్త అనుకున్నాను. తవిటయ్య అని పేరున్నవాడు అనుకోవాల్సిన మాట కాదు అది. మొత్తం ఎంచి, చెరిపే మీట నొక్కాను. శనివారం మీరు ఈలలు వేసిన ఖాళీ అదే. మంగళవారం రికవరీ చెరపడానికి అక్కడ ఏ గొంతూ లేదు. మామ్మ ముక్క చిన్నది. తవుడు గదిలో ఒక మూలన పట్టేది. పక్కన పెట్టడానికి రెండు క్షణాలు పట్టేది. గుర్తు రాలేదు. నీళ్ళు వచ్చి, బావ మళ్ళీ నన్ను తిట్టడం మొదలెట్టాక గుర్తొచ్చింది.

సన్యాసయ్య తాత గొంతు నాకు బాగా వచ్చు. ప్రతి బుధవారం విన్నాను. ఆ మాట అచ్చం ఆయనలాగే అనగలను, మామ్మకి కూడా తేడా తెలియదు. అనను.

మామ్మా, అది మిషను చేసింది కాదు. నేను చేశాను.